ఆలస్యంగా వస్తాను

“పాటలకి మళ్ళీ కథెందుకు? పాట విన్నామా, బాగుందా, అయిపోయిందా అన్నట్టుండాలి గానీ” అన్నారు మా ఆయన. నేనప్పుడు ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు లోపలివైపు ముందు రుద్ది, తర్వాత పైవైపు రుద్దాలి. లేకపోతే అంచు దగ్గర చిన్న ముడత పడుతుంది. ఆ ముడత ఆయనకి కనపడదు గానీ మా అత్తయ్యకి కనపడుతుంది. అలా అంటూనే ఆయన తన ఫోను నా ముఖానికి దగ్గరగా పెట్టారు. అందులో రెండు టికెట్లు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఆట. నాటకం పేరు ‘ఎదురింట్లో ఎవరు?’ దాని కింద చిన్న అక్షరాల్లో, ‘ఎదురింటివాళ్ళు’ బ్యాండు పాటలతో అల్లిన సంగీత నాటకం అని ఉంది.

“మన పెళ్ళిరోజుకి” అన్నారు. “మన పాట కూడా ఉందట. కనుక్కునే కొన్నా.”

ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆయన వంక చూశాను. మా ఆయన చెడ్డవాడు కాదు. ఎవరికేది ఇష్టమో గుర్తుపెట్టుకుంటాడు, నవ్విస్తాడు, చేతికి అందిన పని మాత్రం చెయ్యడు. టికెట్లు చూడగానే నాకు కళ్ళు చెమర్చిన మాట నిజం. ఆ వెంటనే టికెట్లు వెనక్కిచ్చెయ్యమందామనుకున్న మాటా నిజమే. పదిహేడేళ్ళ వయసు నుంచీ చెవుల్లో దాచుకున్న పాటల్ని తీసుకెళ్ళి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు రంగులు పూసి, కాళ్ళూ చేతులూ అతికించి నడిపిస్తారట. ఎలా నడుస్తాయో చూడాలనీ ఉంది, చూడకుండా పారిపోవాలనీ ఉంది.

ఎదురింటివాళ్ళంటే నలుగురు కుర్రాళ్ళు. రెండు గిటార్లు, ఒక డ్రమ్ము సెట్టు, ఎప్పుడూ జలుబు చేసినట్టుండే ఒక గొంతు. మూడు ఆల్బమ్‌లు చేసి విడిపోయారు. ఒకాయన టైర్ల వ్యాపారంలోకి వెళ్ళాడని, ఇంకొకాయన బడిలో పాటలు నేర్పుతున్నాడని విన్నాను. మా తరంలో వాళ్ళ పాట రాని హాస్టల్ గది లేదు. పెళ్ళయిన కొత్తలో మధ్యాహ్నాలు నా గదిలో కూర్చుని చెవికి రెండు బుడిపెలు తగిలించుకుని వింటూ ఉండేదాన్ని. ఏం చేస్తున్నావమ్మా అని ఒకరోజు అత్తయ్య అడిగితే “ఎదురింటివాళ్ళని వింటున్నానండీ” అన్నాను. ఆవిడ గబగబా వచ్చి కిటికీ మూసేసింది. “తప్పమ్మా. వాళ్ళ గొడవలు వాళ్ళవి. మనం వినకూడదు” అంది. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో నవ్వులే.

వాళ్ళ పాటల్లో నాకు ప్రాణం ‘ఆలస్యంగా వస్తాను.’ 

గుమ్మంలో దీపం ఆర్పకు, ఆలస్యంగా వస్తాను
కంచం మీద మూత పెట్టు, నా మాట మీద నమ్మకం పెట్టు

ఆ జలుబు గొంతు ‘నమ్మకం’ దగ్గరకొచ్చేసరికి చిన్నగా పగిలేది. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో ఈ సంగతి ఆయనకి చెప్పాను. ఆయన ఆ రెండు వరసలూ కంఠస్థం చేశారు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ఫోన్ చేసి, హలో అనకుండా, గొంతు తగ్గించి ఆ మొదటి వరస పాడారు. అంటే ఆ రోజు ఇంటికి రావడం ఆలస్యమవుతుందని. నేను గోడకి ఆనుకుని కరిగిపోయాను. ఇంతకంటే అందంగా ఆలస్యమయ్యే మగవాడు ఇంకెవరైనా ఉంటాడా అనుకున్నాను. అలా మొదలైంది. తర్వాత రెండో వరస పోయింది. మొదటి వరసలో ‘గుమ్మంలో దీపం’ మిగిలింది. కొన్నాళ్ళకి మాటలు పోయి కూనిరాగం అయింది. ఫోన్లలో బొమ్మలు వచ్చాక ఆ రాగమూ పోయి చిన్న పసుపుపచ్చ బల్బు బొమ్మ వచ్చింది. సాయంత్రం పనిలో ఉండగా ఫోను టింగుమంటుంది, చూస్తే బల్బు. అంతే. నేను కంచం మీద మూత పెడతాను. స్నేహితులు భోజనానికి వచ్చినప్పుడు ఆయన ఇదంతా చెప్పి నవ్విస్తారు. “మా ఆవిడ ఆలస్యమైతే కోప్పడదండోయ్. అది ఆవిడ అభిమాన గీతం” అంటారు. అందరూ నవ్వుతారు. గిన్నెలు పట్టుకుని వాళ్ళ వెనక నిలబడి నేనూ నవ్వుతాను. కోపం రాలేదా అంటే, రావడానికి దారి దొరకలేదు. తనకి ప్రాణమైన పాట మీద ఎవరు కోపం తెచ్చుకుంటారు?

ఆదివారం ఉదయమే ఆయన తన పై అధికారి ఇల్లు మారుతుంటే సాయానికని వెళ్ళారు. అక్కడ మంచాలు మోస్తారు, బీరువాలు దింపుతారు. మన ఇంట్లో గ్యాసు సిలిండరు జరపాలంటే మాత్రం నడుం నొప్పి. నాటకానికి నేరుగా హాలు దగ్గరికి వచ్చేస్తానన్నారు. నేను వంట ముగించి, తల దువ్వుకుని, చాలా రోజుల తర్వాత కాటుక పెట్టుకున్నాను. చెప్పులేసుకుంటూ ఉండగా ఫోను టింగుమంది. తీసి చూడకముందే నాకు తెలుసు.

అత్తయ్య హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఈమధ్యే ఆవిడకి శుక్లాల ఆపరేషన్ అయింది. నేనే తీసుకెళ్ళి చేయించాను, నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులోనే అద్దాలు చేయించాను. అప్పటినుంచీ ఆవిడకి బీరువా మీది దుమ్ము, స్టవ్వు పక్కన నూనె చుక్క, నా కళ్ళ కింద నలుపు, అన్నీ కనపడుతున్నాయి. చేజేతులా తెచ్చుకున్న కష్టం.

“బల్బా?” అంది.

“అవునండీ.”

“టికెట్టు పాడవుతుంది కదా. నేనొస్తా పద.”

ఒక్కదాన్నే వెళ్ళొచ్చని అప్పుడే, చెప్పు పట్టీ పెట్టుకుంటుంటే, ఒక ఆలోచన వచ్చి నిలబడింది. అది కూర్చోకముందే ఆవిడ లేచి వెళ్ళి బట్టలు మార్చుకుని వచ్చేసింది. దారి పొడుగునా భయపడుతూనే ఉన్నాను. నాటకం బాగా లేకపోతే ఒక బాధ. బాగుండి, పక్కన ఈవిడ “ఆ గొంతేంటి, మిరియాల పాలు తాగొచ్చు కదా” అంటే ఇంకో బాధ.

హాలు నిండిపోయింది. చాలామంది నా వయసువాళ్ళే. కుర్చీల మధ్య నడుస్తుంటే నెరిసిన తలలు, పొట్టలు, చేతిలో పిల్లల ఫొటోలున్న ఫోన్లు. వీళ్ళందరూ ఒకప్పుడు నాలాగే దుప్పటి కింద దూరి ఆ పాటలు విన్నవాళ్ళే కదా అనిపించింది. ఎవరికి వాళ్ళం అది మన ఒక్కళ్ళ రహస్యమనుకున్నాం. ఇంత రహస్యం ఒకే చోట కూర్చుని దగ్గుతూ, తలలు సవరించుకుంటూ, తెర ఎప్పుడు లేస్తుందా అని చూస్తోంది.

తెర లేచింది. ఒక వీధి, ఎదురుబొదురుగా రెండు ఇళ్ళు. ఒక ఇంట్లో గోల చేసే నలుగురు కుర్రాళ్ళు అద్దెకుంటారు. ఎదురింట్లో గడియారాలు బాగుచేసే ఆయన, ఆయన భార్య. ఊళ్ళో అందరి గడియారాలూ సరిచేసే ఆ మనిషి మాత్రం ఏ పూటా వేళకి ఇల్లు చేరడు. కథ పలచనిదే. పాట వచ్చే ముందు ఎవరో ఒకరు కావాలని దానికి తగ్గ మాట అందిస్తున్నారని నాకు తెలిసిపోతూనే ఉంది. “ఏంటలా ఉన్నావ్?” అని ఒకడు అడగ్గానే, వస్తోంది వస్తోంది అని వెనక వరసలో ఎవరో గొణిగారు. మొదటి పాటలో డ్రమ్ము రెండో వరస తర్వాత అందుకోవాలి. వాళ్ళు మొదటి వరసకే అందుకున్నారు. పళ్ళు నూరుకున్నాను. అయినా విచిత్రం, ‘సైకిలు పోయింది’ అని వాళ్ళదో వేళాకోళం పాట ఉంది. నేను ఎప్పుడూ దాన్ని దాటేసి తర్వాత పాటకి పోయేదాన్ని. ఇక్కడ దాన్ని ఒక ముసలాయన చేత, డ్రమ్ము లేకుండా, అడుగడుక్కీ ఆగుతూ పాడించారు. పోయింది సైకిలు కాదని మూడో వరసకి అర్థమైంది. నేను ముక్కు చీదుకుంటూ కూర్చున్నాను.

అత్తయ్య చేతిరుమాలు ఇచ్చింది. “సైకిలు పోతే ఇంత ఏడుపేంటి అమ్మాయ్? పెళ్ళికి ముందు నీదేమన్నా పోయిందా?” అంది. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసి నవ్వింది.

ఆ తర్వాత గిటారు మీద ఆ నాలుగు స్వరాలు వినిపించాయి. హాలంతా ఒక్కసారి కదిలింది. ‘ఆలస్యంగా వస్తాను’ అని ఎవరికీ చెప్పక్కర్లేదు. రికార్డు చేసి పెట్టమని మా ఆయన ముందే చెప్పి ఉన్నారు కాబట్టి ఫోను పైకెత్తి పట్టుకున్నాను. గడియారాలాయన లేచి నిలబడతాడు, చొక్కా తొడుక్కుంటాడు, పాడతాడు. ఇంకెవరు పాడతారు? కానీ ఆయన కుర్చీలో ఇంకా సర్దుకుని కూర్చుని, ఒక కంటికి భూతద్దం తగిలించుకుని చేతిగడియారం మూత తెరిచాడు. వంటగదిలోంచి ఆయన భార్య వచ్చింది. తడిచేతులు తుడుచుకుంది. గుమ్మం దగ్గర వంగి చెప్పులేసుకుంది. గుమ్మంలో దీపం ఆర్పకు అని ఆవిడ ఎత్తుకుంది.

జనం నవ్వారు. తప్పు పాడుతోందేంటి అన్నారెవరో. గడియారాలాయన భూతద్దం కంటితోనే తలెత్తి చూశాడు, దానికింకా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. వేళాకోళంగా పాడలేదు, కోపంగానూ పాడలేదు. కంచం మీద మూత పెట్టు అని, ఇంట్లో వస్తువు ఎక్కడుందో చెబుతున్నట్టు పాడింది. రెండో చరణానికి హాల్లో నవ్వు లేదు.

నాకు మొదట వచ్చింది కోపం. ఒళ్ళు మండింది. ఇది అతని పాట, ఆ జలుబు గొంతుది, వెళ్ళే మగవాడిది, దీన్ని తీసుకెళ్ళి ఈవిడకెందుకిచ్చారు అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే ఇంకోటి గమనించాను. నేను పాడుతున్నాను. పెదవులు కదపడం కాదు, గొంతు విప్పి పాడుతున్నాను. ఎక్కడా గొంతు తగ్గించుకోవాల్సిన అవసరం రావడం లేదు. అతనితో కలిసి పాడాలని ఇన్నేళ్ళూ నేను గొంతు కిందికి నొక్కి, గరగరలాడించుకుని పాడేదాన్ని. ఈవిడ శ్రుతి నా శ్రుతి. ‘నమ్మకం’ దగ్గర అలవాటుగా పగలబోయిన గొంతు పగలకుండా పైకి వెళ్ళింది. అప్పుడు హాస్టల్ మెట్లు గుర్తొచ్చాయి. నేనూ, పొడుగు అని మేం పిలుచుకునే నా స్నేహితురాలూ ఆ మెట్ల మీద కూర్చుని ఈ పాట ఎన్నిసార్లు పాడామో లెక్క లేదు. పాడుతూ ఏమనుకునేవాళ్ళం? రైళ్ళు అనుకునేవాళ్ళం. ఉద్యోగాలు, మీటింగులు, ఎక్కడో మన కోసం ఎదురుచూస్తున్న పనులు, మనం వెళ్ళకపోతే మొదలవని పనులు. ఆ దీపం ఎవరు పెడతారో, కంచం మీద మూత ఎవరు వేస్తారో మాకు పట్టలేదు. ఎవరో ఒకరుంటారు లే. ఆలస్యంగా వచ్చేది మాత్రం మేమే. అంత ఖాయంగా ఆ పాటలో గుమ్మం బయట నిలబడి పాడినదాన్ని, లోపలికి ఎప్పుడొచ్చాను? ఎవరూ లాక్కురాలేదు. తలుపు చప్పుడు కూడా వినలేదు. ఫోన్లో ఆయన మొదటిసారి పాడినప్పుడు, గోడకానుకుని కరిగిపోయిన ఆ ఒక్క నిమిషంలోనేనా? నాకు దుఃఖం రాలేదు. ఇంట్లో పోయిన వస్తువు ఏ చోట పోయిందో గదులన్నీ తిరిగి చూసుకుంటామే, అలా ఉంది.

“ఎక్కడికెళ్తోంది?” అంది అత్తయ్య, చెవిలో కాదు, మామూలు గొంతుతో.

“చెప్పలేదండీ.”

“చెప్పకుండా ఎలా వెళ్తుంది?”

పాట అయిపోయింది. ఆవిడ గుమ్మం దాటి వెళ్ళిపోయింది. లైట్లు వెలిగాయి. విరామంలో అత్తయ్య టీ కప్పు పట్టుకుని అదే మాట. పుట్టింటికా, కాదు, సంచి లేదు. కూరగాయలకా, ఆలస్యమెందుకవుతుంది. డాక్టరు దగ్గరికయితే మొగుడూ వెంట వెళ్ళాలి కదా. నేను మా షాపు గురించి ఆలోచిస్తున్నాను. అక్కడ కళ్ళు పరీక్ష చేసేది నేను. ఎడమ కంటికి ఎంత, కుడి కంటికి ఎంత అని చెప్పగానే వచ్చినవాళ్ళు నా భుజం మీదుగా లోపలికి చూస్తారు. “సారు లేరా?” అంటారు. సారు వచ్చి, నేను చెప్పిన అంకెలే మళ్ళీ చెబుతారు. వాళ్ళు తలాడిస్తారు. మాట అదే, చెప్పిన గొంతు వేరు. ఇక్కడా మాటలు ఒక్క అక్షరం మార్చలేదు. మరి జనం ఎందుకు నవ్వారు? ఆ తర్వాత ఎందుకు ఆపారు?

రెండో భాగం మొదలయ్యేసరికి ఆవిడ తిరిగొచ్చి వంటగదిలో పని చేసుకుంటోంది. ఏమీ జరగనట్టే ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. కథ ఎదురింటి కుర్రాళ్ళ వైపు మళ్ళింది, చివరికి అందరూ కలిసి పాడారు, అందరం లేచి చప్పట్లు కొట్టాం.

బయటికి వచ్చాక అత్తయ్య బస్ స్టాపు వైపు కాకుండా హాలు పక్క సందులోకి తిరిగింది. “ఆ అమ్మాయిని ఒక్క మాట అడిగి పోదాం” అంది. అలా అడక్కూడదండీ అన్నాను గానీ, నిజానికి నా కాళ్ళు ఆవిడ కంటే ముందే ఉన్నాయి.

పక్క తలుపు దగ్గర మెట్టు మీద ఆ నటి కూర్చుని ఉంది. సాయంత్రం ఆట ఇంకా ఉంది కాబోలు. మొహానికి రంగు అలాగే ఉంది, మెడలో తువ్వాలు, చేతిలో బన్ను. దగ్గర్నుంచి చూస్తే చిన్నమ్మాయే.

“జుట్టు ఆరబెట్టుకోమ్మా, జలుబు చేస్తుంది” అంది అత్తయ్య ముందు. తర్వాత అడిగింది. “నువ్వెళ్ళేటప్పుడు జుట్టు పొడిగా ఉంది. వచ్చేటప్పటికి తడిసింది. బట్టలు మాత్రం తడవలేదు. ఎక్కడికెళ్ళావ్?”

నేను ఆశ్చర్యపోయాను. పాటలో ఏ డ్రమ్ము ఎక్కడ పడిందో అన్నీ విన్నాను గానీ, తడిజుట్టు నేను చూడనే లేదు.

ఆ అమ్మాయి బన్ను పక్కన పెట్టి, నోరు తుడుచుకుని నవ్వింది. “మీకు కనపడిందా? డైరెక్టరు గారేమో వాన అన్నారు. వానైతే బట్టలూ తడవాలి కదా. తడిబట్టలతో అంతసేపు ఉండలేనంటే, సరే జుట్టు చాలు, ఎవరు చూస్తారులే అన్నారు. నాకేమో నచ్చలేదు. అందుకని నాకు నేనే చెప్పుకుంటా. ఆటకో చోటికి వెళ్తా.”

“ఇవాళ?” అంది అత్తయ్య.

“ఇవాళ ఈత నేర్చుకోడానికెళ్ళా. నిన్న పార్లర్లో తల కడిగించుకుని, ఆరేదాకా కూర్చోలేక వచ్చేశా. మొన్న ఒకళ్ళింట్లో పైపు పగిలితే బాగుచేసొచ్చా.”

“మరి మొగుడు అడగడేం?”

“ఆ డైలాగు అతనికి రాసివ్వలేదమ్మా.”

అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ అలా నవ్వగా నేను చూడలేదు. నేనూ ఒకటి అడగాలనుకున్నాను. “ఆ పాట మీకిచ్చినప్పుడు ఏమనిపించిందండీ?” అన్నాను.

“నేను ఆ బ్యాండు వినలేదండీ. పాట నేర్చుకున్నాక, పాతది వినిపించారు. విని, ఇతనెక్కడికెళ్తున్నాడా అనుకున్నా. అతనూ చెప్పడు కదా.” నా వంక కాస్త అనుమానంగా చూసింది. “మీరు పాత అభిమానులా? తిట్టడానికొచ్చారా? రోజూ ఒకళ్ళిద్దరు వస్తారు.”

“తిట్టాలనే అనుకున్నా” అన్నాను. “మధ్యలో పాడుతూ మర్చిపోయాను.”

బస్ స్టాపులో బెంచీ ఖాళీగా ఉంది. ఇద్దరం కూర్చున్నాం. బస్సు ఒకటి వచ్చి వెళ్ళిపోయింది, అది మా బస్సే, ఇద్దరం లేవలేదు.

“నేనైతే హోటల్లో గది తీసుకునేదాన్ని” అంది ఆవిడ.

“గదా?”

“ఊ. తలుపేసుకుని పడుకునేదాన్ని. ఎవరూ తట్టకుండా. మీ మామయ్య ఉన్నప్పుడు, పిల్లలు చిన్నప్పుడు, బజారుకెళ్ళినప్పుడల్లా దారిలో ఒక హోటలుండేది. పైన కిటికీలకి తెల్లటి తెరలు. ఆ తెరల వెనక మంచముంటుంది, ఆ మంచం మీద దుప్పటి నేను ఉతికింది కాదు అనుకునేదాన్ని.” కళ్ళజోడు తీసి చేతిరుమాలుతో తుడిచింది. “ఎవరితోనూ అనలేదనుకో. అంటే ఏమనుకుంటారు.” మళ్ళీ పెట్టుకుని నా వైపు తిరిగింది. “నువ్వో?”

నేను నోరు తెరిచాను. చెప్పడానికి బోలెడున్నాయనుకున్నాను. తీరా చూస్తే ఏదీ రాలేదు. గుర్తొచ్చినవన్నీ వేరేవాళ్ళ పనులే. ఆయన చెప్పులకి అడుగు వేయించాలి, ఈవిడకి చుక్కల మందు తేవాలి, హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి దుప్పటి పంపాలి. వాటిని ఒక్కోటీ పక్కకి జరిపి, వెనక ఏముందా అని చూస్తే ఖాళీగా ఉంది. భయం వేయలేదు. నిజం చెప్పొద్దూ, కుతూహలం వేసింది. ఇన్నేళ్ళుగా నాతో ఉంటున్న ఈ మనిషికి ఎక్కడికెళ్ళాలనుంటుందో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

“తెలీదండీ” అన్నాను.

“సరే, ఆలోచించు” అంది, నాకేదో పని అప్పజెప్పినట్టు.

మేం ఇంటికి చేరేసరికి ఆయన వచ్చేసి ఉన్నారు. వీధి మెట్లమీద కూర్చుని ఉన్నారు. తాళం నా దగ్గరే ఉండిపోయింది. “ఎంతసేపటి నుంచీ చూస్తున్నా. ఫోనన్నా తీయవేం?” అన్నారు, కోపంగా కాదు, ఆకలిగా. అన్నం తింటూ ఉత్సాహంగా అడిగారు. “మన పాట వచ్చిందా? రికార్డు చేశావా? ఏదీ?”

ఫోను ఇచ్చాను. మొదట వేదిక కొంచెం కనపడింది. ఆ తర్వాత నా చెయ్యి ఎప్పుడు దిగిపోయిందో, అంతా చీకటి నేల, ముందు కుర్చీ కాళ్ళు, ఎవరివో చెప్పులు. పాట మాత్రం వినపడుతోంది. దూరంగా ఒక ఆడగొంతు, దానిమీద, ఫోనుకి చాలా దగ్గరగా, ఇంకో ఆడగొంతు.

“ఎవరిది ఇంత దగ్గరగా?” అన్నారు.

“నాది.”

“నీదా?” ఆయన తినడం ఆపి మళ్ళీ మొదటినుంచీ పెట్టారు. “నువ్వు ఇంత పైకి పాడతావా?”

“నాకూ ఇవాళే తెలిసింది.”

“అది సరే, మన పాట అతను కదా పాడాలి? ఆడమనిషి పాడితే అర్థం మారిపోదూ?”

“ఏం మారింది?” అన్నాను. దెప్పడానికి కాదు. విరామం నుంచీ నేను తేల్చుకోలేకపోతున్నది అదే. ఆయనకేమైనా తెలుస్తుందేమోనని అడిగాను.

ఆయన కూడా నిజంగానే ఆలోచించారు. “మాటలు అవే అనుకో. కానీ... ఆవిడ ఎక్కడికెళ్తోందో చెప్పాలి కదా.”

“మీరు చెప్పేవారా?”

ఆయన నా వంక చూశారు. అత్తయ్య మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది. ఫోనులో మేం ముగ్గురం విన్నాం, పాట మధ్యలో ఆవిడదే గొంతు, ఎక్కడికెళ్తోంది అని.

“నువ్వెప్పుడూ అడగలేదుగా” అన్నారాయన చివరికి.

అదీ నిజమే. అడగలేదు. అడిగితే ఏం చెప్పేవారో, స్నేహితులతో పేకాట అనేవారో, ఊరికే వీధులు తిరిగొస్తా అనేవారో. ఆయనకీ ఏదో ఉండే ఉంటుంది. నేను దీపాన్ని చూసుకుంటూ ఆ సంగతి వదిలేశాను. “అవును, అడగలేదు” అన్నాను. ఆయన ఇంకేదో అనబోయి, తన కంచం తనే తీసుకుని లేచారు. సింకులో పెట్టారు, కడగలేదు. అత్తయ్యా నేనూ ఒకరినొకరం చూసుకోలేదు, చూసుకుంటే నవ్వొస్తుందని.

మర్నాడు షాపులో ఉదయమంతా జనం. ఒక పెద్దమనిషి ముక్కు మీద ఫ్రేము సరిచేస్తుంటే “సారు లేరా?” అన్నాడు. “ఉన్నారండీ. కళ్ళు చూసేది మాత్రం నేనే” అన్నాను. చెప్పాక చూస్తే, అది నిన్నటి ఆ పై శ్రుతిలోనే వచ్చింది. ఆయన కళ్ళు చూసే మిషనుకి గడ్డం ఆనించి కూర్చున్నాడు.

జనం పలచబడ్డాక సారు గది దగ్గరికి వెళ్ళాను. ఆయన బిల్లులు చూసుకుంటున్నారు.

“గురువారం మధ్యాహ్నం నుంచి సెలవు కావాలండీ.”

తల ఎత్తకుండానే, జాలిగా, “అయ్యో, ఎవరికి బాలేదమ్మా?” అన్నారు.

అడగడంలో ఆయన తప్పేమీ లేదు. అత్తయ్య కళ్ళు, మా ఆయన నడుము, అమ్మాయి జ్వరాలు, ఆడబిడ్డ కాన్పు. ఈ షాపులో నేను పెట్టిన ప్రతి సెలవుకీ ఒక రోగి ఉన్నాడు. రోగి లేని సెలవు నాకే కొత్తగా ఉంది.

“అందరూ బాగానే ఉన్నారండీ” అన్నాను. “అందుకే అడుగుతున్నా.”

ఆయన కలం ఆపి తల ఎత్తారు. కాసేపు చూసి, సరే అన్నట్టు తలాడించారు. ఎక్కడికని అడగలేదు. అడిగితే నేనేం చెబుతానో వినాలని నాకూ ఉండింది.